పాతవానులో తీగలు: ఒక సంవాదము

క్రొత్తబండి కొన్ననాడు దానిలోని విద్యుత్తీగల యమరిక ఒక్క లేఖకుడు ఒక్క గంటముతో వ్రాసిన తాళపత్రగ్రంథమువలె నుండును. ఇరువదియైదేండ్లు గడచి, నలుగురి చేతులు మాఱి, పాటలపెట్టె నొకడును, పొగమంచు దీపముల నొకడును, వెనుకకు నడచునపుడు పాటపాడు హారను నింకొకడును చేర్చిన పిమ్మట, అందు మూలమేదో ప్రక్షిప్తమేదో తేల్చుట పండితులకును గాని పని యగును. పాతవానులలో నీ యవస్థ మఱింత యెక్కువ. ఏలయన, కారును మనుష్యుడు తాను కూర్చుండుటకు కొనును, వానును ఏదో యొక పనికి పెట్టుటకు కొనును, ఆ పని మాఱినప్పుడెల్ల దానిలో క్రొత్తతీగ యొకటి పుట్టుచుండును.

ఇట్టి బండి నొకదానిని నడుమ నుంచుకొని విజయవాడ ఆటోనగరులో ఇరువురు చేసిన వాదమిది. బండి మారుతీ ఓమ్ని. 1984లో మారుతీ వాను అను పేర వెలువడి, తరువాత ఓమ్ని యనిపించుకొని, 2019లో తయారీ ముగిసిన యీ 796 సి.సి. బండి తెలుగునాట బడిపిల్లలను, పెండ్లివంటల గిన్నెలను, ఆస్పత్రికి రోగులను మోసినది. ఈ వాదములోని బండి ప్రస్తుతమునకు బందరులోని ఒక భజనసమాజమును ఊరూర త్రిప్పుచున్నది. దాని యజమాని తర్కశాస్త్రము బోధించి విశ్రాంతి గైకొన్న శాస్త్రిగారు. రెండవవాడు ఐ.టి.ఐ. చదివి, ఆటోనగరులోనే తల నెఱిసిన వైరింగు మేస్త్రి. మేస్త్రి మాటాడినది కృష్ణాజిల్లా వాడుక. దానిని ఈ వ్యాసభాషలోనికి దింపితిని గాని, పనిసామానుల పేళ్లను మాత్రము ఆయన పలికినట్లే యుంచితిని. రిలేకు సంస్కృతనామము కల్పించినంతమాత్రమున అది టక్కుమని పడదు గదా.

శాస్త్రిగారు: మేస్త్రీ, నేను బండిని తెచ్చినది సెల్ఫు ఒకమాఱు తిరిగి ఒకమాఱు తిరుగకున్నందుకు. నీవో డ్యాషుబోర్డు క్రింద తల దూర్చి, చాలసేపు మూలిగి, పైవారు వేసిన తీగలన్నియు ఊడదీసి మరల వేయవలె ననుచున్నావు. దీపములు వెలుగుచున్నవి, మైకు పలుకుచున్నది, హారను మ్రోగుచున్నది. చక్కగా పనిచేయుచున్న దానిని కదలింపు మని యే శాస్త్రమున నున్నది?

మేస్త్రి: చక్కగా పనిచేయుచున్నదో లేదో మీరే వినుడు, శాస్త్రిగారూ. వైపరుకని కంపెనీవా రిచ్చిన ఒక్క తీగను మధ్యలో చెక్కి, దానికి మైకు ఆంప్లిఫయరును, వెనుకవారి ఫ్యానును, పొగమంచు దీపములను, మొబైలు ఛార్జరును ఒకదాని వీపున నొకటిగా చుట్టి టేపు వేసినారు. పొగమంచు దీపములు రెండును కలిసి 110 వాట్లు. 12 వోల్టుల మీద అది 9 ఆంపియర్ల పైమాట. భజన ఊపందుకొన్నప్పుడు ఆంప్లిఫయరు ఇంకొక అయిదాఱు లాగును, ఫ్యాను రెండు, వైపరు మూడో నాలుగో. వాననాటి రాత్రి అన్నియు నొక్కసారి నడచినచో ఇరువది ఆంపియర్లు పోవలసిన ఆ తీగ చదరపు మిల్లిమీటరు మందమైనను లేదు. అది వైపరు నొక్కదానినే మోయుటకు వేసిన తీగ.

శాస్త్రిగారు: ఇన్నేండ్లు మోసినది గదా. దానినుండి పొగ వచ్చినది లేదు, వాసన వచ్చినది లేదు. మా శాస్త్రమున మొట్టమొదట నేర్పు ననుమానమే పొగనుబట్టి నిప్పు నూహించుట. కొండమీద పొగ కానవచ్చినచో నిప్పున్న దందుము. నా బండిలో పొగయే లేనపుడు నిప్పున్నదని నీ వెట్లూహించెదవు?

మేస్త్రి: నాకు శాస్త్రము తెలియదు గాని, అయ్యా, ఇస్త్రీపెట్టె కాలినప్పుడు దానినుండి పొగ వచ్చునా?

ఈ ప్రశ్నకు శాస్త్రిగారు నవ్విరి. నవ్వుటకు కారణమున్నది. తెలుగువాడైన అన్నంభట్టు పదునేడవ శతాబ్దమున రచించిన తర్కసంగ్రహమును బాలురకు చెప్పు ప్రతి యుపాధ్యాయుడును కాల్చిన యినుపగుండు నుదాహరింపకమానడు: దానియందు నిప్పు కలదు, పొగ లేదు. పొగ యున్నచోట నిప్పుండితీరును గాని, నిప్పున్నచోట నెల్ల పొగ యుండి తీరవలెనను నియమము లేదు. తడికట్టె చేరినప్పుడే నిప్పు పొగ చిమ్మును. తన జీవితమంతయు పిల్లలకు దిద్దిన తప్పును తానే చేసితి నని గ్రహించినవాని నవ్వు అది. అయినను ఆయన వాద మంతటితో విడువలేదు. విడుచువారైనచో తార్కికు లెట్లగుదురు?

శాస్త్రిగారు: సరి, పొగ లేనంతమాత్రమున నిప్పు లేదనరాదు, ఒప్పుకొంటిని. కాని నిప్పున్నదనుటకు నీకు హేతువు కావలెను గదా. అది చూపుము.

మేస్త్రి: చూపెదను, ఈ టేపు ముట్టుడు. బంక కారి చేతి కంటుచున్నది. దీనిలోపలి తొడుగు చూడుడు. ఎఱ్ఱనిది గోధుమరంగునకు తిరిగి, వంచగానే చిట్లుచున్నది. సామాన్యమైన పి.వి.సి. తొడుగుగల తీగను 70 డిగ్రీల వఱకే వాడదగును. మీ బండికి ఇంజను ముందుసీట్ల క్రిందనే యున్నది. వేసవిలో బందరు రోడ్డుమీద ఆ వేడి కొంత, తీగ తనలో తాను పుట్టించుకొను వేడి కొంత. తీగలో పుట్టు వేడి కరెంటుతో సమానముగా పెరుగదు. కరెంటు రెట్టింపైనచో వేడి నాలుగురెట్లగును, మూడింతలైనచో తొమ్మిదిరెట్లు. ఐ.టి.ఐ.లో మా మాస్టారు దీనిని జౌలు నియమ మని చెప్పినారు. నాలుగైదు ఆంపియర్లకు వేసిన తీగమీద ఇరువది పంపినచో ఎన్ని రెట్లో మీరే లెక్కించుకొనుడు.

శాస్త్రిగారు: పదునాఱింతలో, అంతకు మించియో. కాని అట్టి విపత్తు రాకుండుటకే గదా ఫ్యూజు పెట్టుట? అది కాలి తీగను కాపాడును. కాపాడవలసినవా డున్నపుడు నీకింత దిగు లేల?

మేస్త్రి: ఆ కాపాడవలసినవానిని చూడుడు.

అని మేస్త్రి ఫ్యూజుపెట్టె మూత తీసి, పట్టకారుతో ఒకదానిని పెఱికి శాస్త్రిగారి యరచేతిలో పెట్టెను. కాలిపోయిన ఫ్యూజు కాళ్లకు సిగరెట్టుపెట్టెలోని వెండికాగితము మడతలుగా చుట్టబడియుండెను.

శాస్త్రిగారు: అది నేనెఱుగుదును. ఒక శివరాత్రినాడు అవనిగడ్డనుండి వచ్చుచుండగా ఫ్యూజు పోయినది. నడిరాత్రి, చుట్టును పొలములు, బండిలో స్త్రీలు, పసిపిల్లలు. మా డ్రైవరు ఈ యుపాయము చేసి మమ్ము నింటికి చేర్చినాడు. ఆపద్ధర్మమును నీవు దోష మందువా?

మేస్త్రి: ఆ రాత్రికి దోషము కాదు, నేనును చేసియుందును. మఱునా డుదయము దానిని తీయకుండుట దోషము. ఫ్యూజు అనునది పాటలపెట్టెను కాపాడుటకో దీపమును కాపాడుటకో పెట్టునది యని అందఱు ననుకొందురు. కాదు, తీగను కాపాడుటకు. ఏ తీగ ఎంత మోయగలదో చూచి, అంతకు లోపలనే తెగునట్టి ఫ్యూజు పెట్టవలెను. 10 ఆంపియర్లది ఎఱుపు, 15ది నీలము, 20ది పసుపు, 30ది ఆకుపచ్చ. రంగులు లోకమంతట నొక్కటే. ఈ వెండికాగితమునకు రంగు లేదు, లెక్క లేదు. ఎన్నడు తెగునో అది చుట్టినవానికిని తెలియదు. సెల్ఫు తిప్పుటకు నూఱు ఆంపియర్లకు పైగా ఒక్క క్షణమున నీయగల బ్యాటరీ వెనుక కూర్చున్నది. ఎక్కడనైనను తీగ ఒరసి బాడీకి తగిలినచో ఆ బలమంతయు అటు పరుగెత్తును. అప్పుడు కాగితము తెగునో, తీగ ఎఱ్ఱబడునో, రెంటిలో నేది ముందో నేను చెప్పలేను.

శాస్త్రిగారు: ఒప్పుకొంటిని. వెండికాగితమును తీసి పారవేయుము. ఎఱ్ఱనిదో నీలనిదో పెట్టుము. దానికి పది రూపాయలు చాలును. తీగ లన్నిటిని ఊడబెఱుకుట కది హేతువు కాదు. నీ మనస్సులోని మాట వేఱొకటి యున్నదని నా యనుమానము. మీ వైరింగువారికి చిక్కును చూచిన కన్ను కుట్టును. తీగలన్నియు జడవేసినట్లు ఒద్దికగా నల్లని టేపులో చుట్టియుండవలెనను సౌందర్యదృష్టి మీది. నా బండి కెవరును డ్యాషుబోర్డు క్రింద తల పెట్టి అందము చూడబోరు. ఆ యందము కొఱకు ముప్పదియేండ్ల తీగలను కదలించి, ఎండి పెళుసెక్కిన తొడుగులను వంచి, నేడు లేని తెగుళ్లను రేపు పుట్టించుకొనుట నా కిష్టములేదు.

మేస్త్రి కొంతసేపు మాటాడలేదు. శాస్త్రిగారి వాదమున బలమున్నదని నాకును తోచినది. పాతబండి తీగలను సర్దుదమని మొదలిడి, ఉన్న దానిని గూడ చెడగొట్టి, నెలలతరబడి షెడ్డులో నిలిపిన ఉత్సాహవంతులు ప్రతి యూరను గలరు.

మేస్త్రి: అందులో మీరన్నది సగము నిజము, శాస్త్రిగారూ. అందముగా టేపు చుట్టిన కట్టను నేను నమ్మను. మునుపటి వారిలో నొకరు ఇక్కడ అదే చేసినారు. ఈ నున్నని కట్ట చూడుడు. విప్పితిని. లోపల మెలిపెట్టి వదలిన అతుకు లేడున్నవి. అందులో రెండింటికి తొడుగు లేదు. మీదుమిక్కిలి తీగలను బిగించి దగ్గఱగా కట్టినకొలది ఒకదాని వేడి మఱొకదాని కంటును, చల్లారుటకు త్రోవ యుండదు. కాబట్టి నేను సర్దుట యనునది కట్టుట కాదు; ముందు తీయుట. కంపెనీవారి తీగను నేను ముట్టను. దాని నెక్కడ చెక్కినారో అక్కడ అతికి, మొదట ఎట్లుండెనో అట్లు నిలిపి విడిచెదను. తీసివేయునవి పైనుండి వచ్చి చేరినవే.

శాస్త్రిగారు: అనగా మూలపాఠమును నిలిపి ప్రక్షిప్తములను తొలగింతువు. ఇది నాకు నచ్చినది. కాని ఏది మూలమో నీ వెట్లెఱుగుదువు? తీగ రంగును బట్టియా?

మేస్త్రి: రంగును నమ్మినవాడు చెడును. కంపెనీవారి రంగులకు లెక్క కలదు, పైవారికి లేదు. ఇదిగో, ఈ ఎఱ్ఱనితీగ కరెంటు తెచ్చున దనుకొందురు, ఇది ఎర్తు. ఆ నాడు షాపులో ఎఱ్ఱచుట్ట యొక్కటే యుండెనేమో. మొదటినుండి తుదివఱకు చేతితో పట్టుకొని పోవలసినదే.

శాస్త్రిగారు: చెప్పినవాడు నమ్మదగినవాడైనప్పుడే శబ్దము ప్రమాణము, లేనిచో ప్రత్యక్షమునే యాశ్రయింపవలెను. సరి. మఱి మీటరు పెట్టి చూచిన సరిపోదా? నా మనుమని వద్ద నొకటి యున్నది, అంకెలు చూపును.

మేస్త్రి: మీటరును మోసగింపవచ్చును, అయ్యా. తీగలో ముప్పదిపోగులుండి ఇరువదితొమ్మిది తెగి ఒక్కటి మిగిలియున్నను మీటరు 12 వోల్టులనే చూపును. ఏలయన అది కరెంటు లాగదు. బల్బు తగిలించిన టెస్టు ల్యాంపు పెట్టుడు, మినుకుమినుకు మనును, అప్పుడు బయటపడును. కంప్యూటరు గల క్రొత్తబండ్లలో ఎక్కడబడితే అక్కడ దానిని గ్రుచ్చరాదు గాని, మీది కార్బురేటరు బండి, దీనికి భయములేదు.

శాస్త్రిగారు: బరువు మోపి చూడనిదే బలము తెలియదన్నమాట. బాగున్నది. తీయుట యైన పిమ్మట మరల వేయుట యెట్లు? రిలేలు పెట్టెద నని యిందాక గొణిగితివి. అది నా కేమాత్రమును సమ్మతము గాదు. ఇప్పుడు స్విచ్చి నొక్కిన దీపము వెలుగుచున్నది. నడుమ నింకొక యంత్రమును పెట్టినచో చెడుటకు ఇంకొక వస్తువు చేరినట్లే గదా? లాఘవమున్నచోట గౌరవము, అనగా అనవసరపు బరువు, కల్పింపరాదని మా శాస్త్రము.

మేస్త్రి: మీ ముందుదీపములు మసకగా నున్నవని డ్రైవరు చెప్పినాడా లేదా?

శాస్త్రిగారు: చెప్పినాడు. 100 వాట్ల బల్బులు వేయుమని గూడ చెప్పినాడు.

మేస్త్రి: వేసియుందురేని ఈపాటికి స్విచ్చి కరగియుండును. కంపెనీ యిచ్చినవి 60/55 వాట్లవి. దూరపువెలుగు వేసినప్పుడు రెండు దీపములకు 120 వాట్లు, అనగా 10 ఆంపియర్లు. ఆ కరెంటంతయు బ్యాటరీనుండి డ్యాషుబోర్డుకు వచ్చి, మీ వ్రేలి క్రింది చిన్న స్విచ్చిలోనుండి, డిప్పరులోనుండి, మరల ముందుకు పోవలెను. ఒక చదరపు మిల్లిమీటరు రాగితీగకు మీటరునకు 17 మిల్లియోములు. అయిదుమీటర్ల త్రోవకు 85. పది ఆంపియర్లు పోవునప్పుడు తీగలోనే దాదాపు 0.85 వోల్టు పోవును. త్రుప్పుపట్టిన స్విచ్చి, వదులైన కప్లరు కలిసి ఇంకొక అర తినును. బల్బునకు చేరునప్పటికి పదింట నొకవంతు వోల్టేజి లేదు. వోల్టేజి పదింట నొకవంతు తగ్గినచో వెలుగు పదింట నొకవంతు తగ్గి యూరకుండదు, మూడువంతులు తగ్గును. మీకు మసకయైనది బల్బు చిన్నదై కాదు. దానికి అన్న మందకపోయి.

శాస్త్రిగారు: అందులకు రిలే యేమి చేయును?

మేస్త్రి: రిలే యనునది దూరమునుండి మీటబడు స్విచ్చి. దానికి నాలుగు కాళ్లు. కాళ్లకు జర్మనువారు పెట్టిన అంకెలు ముప్పది, ఎనుబదియేడు, ఎనుబదియైదు, ఎనుబదియాఱు. 30వ కాలునకు బ్యాటరీనుండి ఫ్యూజు మీదుగా లావుతీగ. 87వ కాలినుండి దీపమునకు లావుతీగ. మిగిలిన రెండు కాళ్లు లోపలి కాయిలువి. మీ స్విచ్చి ఇకమీదట ఆ కాయిలును మేల్కొల్పుట కొక్కదానికే. అది లాగునది ఆంపియరులో అయిదవవంతైనను ఉండదు. దీపమునకు పోవు కరెంటు బ్యాటరీనుండి రెండుమీటర్ల రెండున్నర చదరపు మిల్లిమీటర్ల తీగమీద నేరుగా పోవును. ఆ త్రోవలో పోవునది వోల్టులో ఏడవవంతు. వస్తువొకటి చేరినదన్నమాట నిజమే. కాని అది చెడినచో చేతితో పీకి, ఇంకొకటి గ్రుచ్చవచ్చును. డ్యాషుబోర్డు స్విచ్చి చెడినచో పాతబండికి మరల దొరకుట కష్టము. దొరకనిదానిమీద బరువు దించి, దొరకుదానిమీద పెట్టుచున్నాను.

శాస్త్రిగారు: కల్పనకు ప్రయోజనమున్నపుడు గౌరవము దోషము కాదందురు. సరే, ముందుదీపములకు రిలే యొప్పుకొంటిని. ఛార్జరునకు గూడ పెట్టెద నందువేమో?

మేస్త్రి: దానికెందుకు? దానికి చిన్నఫ్యూజు, సన్నతీగ చాలును. అన్నిటికి రిలే పెట్టువాడు పని తెలిసి పెట్టడు, బిల్లు కొఱకు పెట్టును.

శాస్త్రిగారు: అది విని సంతసించితిని. ఇక నా మొదటి ప్రశ్నకు ఉత్తరము రాలేదు. సెల్ఫు ఏల తిరుగుట లేదు?

మేస్త్రి: దానికిని మీ పైతీగలే కారణము. బ్యాటరీ నెగటివు బోల్టుమీద కంపెనీవా రిచ్చిన ఎర్తుతీగ యొక్కటే యుండవలెను. మీకు దానిమీద అయిదు థింబుళ్లున్నవి, ఆంప్లిఫయరుది, దీపములది, ఏవో మఱి రెండు, ఒకదానిమీద నొకటి. అసలుతీగ అన్నిటికిని పైన, వదులుగా, పచ్చని పొడి పట్టియున్నది. సెల్ఫునకు నూఱు ఆంపియర్లు కావలసినపుడు ఆ కూడలిలో ఒక ఓములో నూఱవవంతు అడ్డమున్నను చాలును, ఒక పూర్తి వోల్టు అక్కడనే పోవును. వేడి, చలి, కుదుపు. ఒకనాడు కలియును, ఒకనాడు కలియదు.

శాస్త్రిగారు: మా యూరి ఉప్పుగాలి గూడ దీనికి తోడు.

మేస్త్రి: అదే పెద్దది. బందరు బండి యనగానే నేను ముందు చూచునది ఎర్తు. ఎర్తు చెడినప్పుడు బండి చేయు వికారములకు మందులేదని మెకానిక్కు లనుకొందురు. బ్రేకు త్రొక్కినచో ఇండికేటరు వెలుగుట, హారను కొట్టినచో దీపము తగ్గుట, స్విచ్చి కట్టినను బల్బు మిణుకుట. కరెంటునకు తిరిగిపోవు త్రోవ మూసుకొనినప్పుడు అది ప్రక్కబల్బులోనుండి దూరి పోవును. జనము బల్బులు మార్చుదురు, ఫ్లాషరు మార్చుదురు. రంగువేసిన రేకుమీద స్క్రూ బిగించి ఎర్తు అన్నవానిని పట్టుకొనరు. నేను పైసామానుల కన్నిటికి వేఱుగా ఒక ఎర్తుబోల్టు పెట్టెదను. క్రింద రంగు గోకి, పండ్ల వాషరు వేసి, బిగించి, పైన గ్రీజు రాచి. బ్యాటరీమీద అసలుతీగ యొక్కటే యుండును.

ఎర్తును గూర్చి మేస్త్రి యింకను చాల చెప్పెను. ఆటోనగరులో దీని నెవరి నడిగినను చాలసేపు చెప్పుదురు, చేయువారు తక్కువ.

శాస్త్రిగారు: ఇంకొక సంగతి. బండి వారము దినములు నిలిచినచో బ్యాటరీ చచ్చిపోవుచున్నది. మా డ్రైవరు దోషమంతయు డ్యాషుబోర్డుమీది వేంకటేశ్వరస్వామి పటము చుట్టునున్న మిణుగురుదీపములమీద వేసినాడు. అవి డైరెక్టులైనుమీద నున్నవట, తాళము తీసినను వెలుగుచునే యుండును. వానిని తాళమునకు కట్టిపెట్టు మని నీవందువేమో యని ముందే చెప్పుచున్నాను: స్వామిదీపము ఆఱుటకు నే నొప్పుకొనను. ఇది తర్కమునకు లోబడు విషయము కాదు.

మేస్త్రి: ఆర్పనక్కఱలేదు. ఆ దీపము నిరపరాధి. కొలిచి చూచితిని, 20 మిల్లియాంపియర్లు. దినమునకు అర ఆంపియర్‌గంటయు కాదు. మీ 35 ఆంపియర్‌గంటల బ్యాటరీని అది యొక్కటియే తినవలెనన్న రెండు నెలలు పట్టును. తినుచున్నది ఆంప్లిఫయరు. వైపరుతీగ చాలదన్నట్లు దానికి రెండవతీగ నొకదానిని డైరెక్టులైనుకు గూడ కట్టినారు. మైకు స్విచ్చి కట్టినను లోపల ఏదో మేలుకొని 200 మిల్లియాంపియర్లు లాగుచున్నది. దినమునకు దాదాపు అయిదు; వారమునకు బ్యాటరీ ఖాళీ. దానిని కీ లైనుతో మేలుకొను రిలేమీద వేసెదను. స్వామికి వేఱు లైను, వేఱు ఫ్యూజు.

శాస్త్రిగారు: నీ నోట అమృతము కురిసినది. అట్లయినచో తీయవలసినవానిని నేనే చెప్పెదను. పొగమంచు దీపములు తీసివేయుము. అవి యెన్నడు వెలిగించిరో యెవరికిని గురుతులేదు, మొత్తము బరువులో సగము వానిదే. వెనుకకు పోవునప్పుడు పాడు పాటహారను పోవలెను. భజనసమాజము బండి సినిమాపాట పాడుట మాకే సిగ్గు. పాత టేపురికార్డరులో క్యాసెట్టు పెట్టి ఎంతకాలమైనదో. మైకు, ఫ్యాను, ఛార్జరు ఉండవలెను.

మేస్త్రి: ఇప్పుడు పనికి దారి దొరకినది. పైసామానులు తగ్గినచో సగము తీగ తానే పోవును. ఈ కట్టలో ఎక్కడికిని పోని తీగలు చాల గలవు. ఒకకొన బ్యాటరీకి, రెండవకొన టేపు చుట్టి గాలిలో. వస్తువు తీసినవాడు తీగను విడిచినాడు. దానిలో కరెంటున్నది. ఏనాడు ఆ టేపు వదలి ఇనుమునకు తగులునో!

శాస్త్రిగారు: అతుకులన్నిటికి సీసము పోసి సోల్డరింగు చేయుదువు గదా? ఒక్కటిగా కరగి కలిసినదాని కన్న గట్టిది లేదని నా నమ్మకము.

మేస్త్రి: రేడియోకు అది మంచిది, బండికి కాదు. సోల్డరింగు చేసినప్పుడు కరగినసీసము పోగులవెంబడి లోనికి ప్రాకి, మెత్తనితీగను కొంతదూరము కడ్డీ చేయును. కడ్డీ ముగిసి మెత్తదనము మొదలగుచోటనే కుదుపునకు తెగును. చేసినవాడు అతుకు గట్టిగా నున్నదని చూచుకొని పోవును, తీగ ప్రక్కన తెగును. సరిపడు థింబుల్‌ను పనిముట్టుతో నొక్కి, పైన వేడికి ముడుచుకొను స్లీవు వేయుదును. ఒంటిపోగు ఇంటితీగను ముట్టనే ముట్టను. గోడలో కదలకుండుటకు చేసినది అది. రేకులోనుండి తీగ దూరుచోట రబ్బరు గ్రోమెట్టు వేయుదును. బ్యాటరీకి జానెడు దూరమున మొదటి ఫ్యూజు. అది దూరముగా నున్నచో నడుమనున్న తీగకు దిక్కులేదు.

శాస్త్రిగారు: అన్నియు బాగున్నవి. నా కడపటి యాక్షేపణ వినుము. నేడు నీవు చక్కగా వేయుదువు. అయిదేండ్లకు మఱొకడు వచ్చును, నీవు వేసినది తెలియక మరల చెక్కును. అప్పుడు నీవు పెట్టిన రిలేలు, బోల్టులు, ఫ్యూజులు, ఇవన్నియు నింకొక ప్రక్షిప్తమే యగును గదా? నీకును నీ ముందరివారికిని భేదమేమి?

ఈ ప్రశ్న అడుగునప్పుడు శాస్త్రిగారు వాదములో గెలువవలెనని యడుగలేదు. నిజముగా తెలిసికొనగోరి యడిగిరి. మేస్త్రియు వెంటనే బదులు చెప్పలేకపోయెను. ఆటోనగరులో ఎంతటి పనివాడైనను కాగితము వ్రాయడు. తీగల దారి చేతిలో నుండును, ఆ చేయి షాపు మూసి యింటికి పోవునప్పుడు దానితో పోవును. బండిలో చిక్కు పెరుగుటకు వెండికాగితము కన్న, ఇంటితీగ కన్న నిదియే పెద్దకారణమని నా యభిప్రాయము.

మేస్త్రి: వ్రాయుట నాకు రాదు, శాస్త్రిగారూ. గీయుట వచ్చును గాని, గీసి ఎవరికి చూపుదును?

శాస్త్రిగారు: నాకు చూపుము. నేను తెలుగున వ్రాసెదను. ఏ ఫ్యూజు ఏ తీగకు, ఆ తీగ ఎక్కడ బయలుదేరి ఏ దారిని పోయి ఎక్కడ ముగియునో, ఎర్తుబోల్టు ఎక్కడనో, ఒక్క పుట చాలును. ఫ్యూజుపెట్టె మూతలోపల అంటింపుము. తీగల రెండు కొనలకును నీవు చీటి కట్టుము. దానిమీదను నేనే వ్రాసెదను, నీ మేకులగీతలు నీవు తప్ప వేఱొకరు చదువజాలరు.

మేస్త్రి: అట్లయినచో రేపు ఉదయము బ్యాటరీ నెగటివు విప్పి మొదలిడెదను. రెండుదినములు బండి అడుగవద్దు.

శాస్త్రిగారు: మూడుదినములు తీసికొనుము. ఎల్లుండి ఏకాదశి, భజన ఊరిలోనే.

బేరము మాత్రమింకను కుదురలేదు. ఇరువురును తీగమీటరు ధరను గూర్చి వేఱొక వాదమున కుపక్రమించిరి, దానిలో నాకు ఆసక్తి లేకపోయినది.

పాతవానులు గల పాఠకులకు నా విన్నప మొకటి. ఈ వాదములో ఎవరి పక్షము వహించినను సరియే, ముందు మీ బండి ఫ్యూజుపెట్టె మూత తీసి చూడుడు. అందు వెండికాగితము గాని, రాగిపోగు గాని చుట్టియున్నచో బ్యాటరీ నెగటివు విప్పి, దానిని తీసివేసి, ఆ తీగకు తగిన ఫ్యూజును పెట్టించిన పిమ్మటనే బండిని రోడ్డెక్కింపుడు.